కడుపులో ఉన్నది కోడెనా, పెయ్యనా?

ఎప్పుడూ కోటలు, రాజులు, యుద్ధాలు చెప్పుకునే మనం ఈసారి పశువుల కొట్టంలోకి వచ్చాం. టైటిల్ చూసి కొందరు ఇప్పటికే నవ్వుకుని ఉంటారు. నవ్వండి, పర్వాలేదు. ముందు ఒక లెక్క వినండి. 2012 పశుగణనలో మన దేశంలో ఆవు జాతి మగ పశువులు, అంటే కోడెలు, ఎద్దులు, ఆంబోతులు అన్నీ కలిపి, దాదాపు 6.8 కోట్లు. 2019 పశుగణన వచ్చేసరికి 4.74 కోట్లు. ఏడేళ్ళలో ముప్పై శాతం తగ్గిపోయాయి. అదే ఏడేళ్ళలో ఆవులు 18 శాతం పెరిగి 14.5 కోట్లు దాటాయి.

ఆవు కడుపున మగ, ఆడ దాదాపు సగం సగమే పుడతాయి. అది ప్రకృతి లెక్క. మరి మన కళ్ళ ముందు తిరిగే పశువుల్లో ఒక మగదానికి మూడు ఆడవి ఎట్లా అయ్యాయి?

దీనికి జవాబు కావాలంటే ఇంకో పాత ప్రశ్న దగ్గరికి పోవాలి. చూడితో ఉన్న పశువును చూసి మన పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న: కడుపులో ఉన్నది కోడెనా, పెయ్యనా? పట్నంలో పుట్టిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్తున్నా, కోడె అంటే మగ దూడ, పెయ్య అంటే ఆడ దూడ. బర్రెకు మగది పుడితే దున్న అంటాం. ప్రశ్న వేల ఏళ్ళ నాటిది. కానీ ఏ జవాబు వస్తే ఇల్లు సంతోషపడుతుందో అది మాత్రం మా తాత కాలానికి, మా కాలానికి మధ్య పూర్తిగా తిరగబడింది. ఈ ఎపిసోడ్ ఆ తిరగబడటం గురించే.

నేను చెప్పేది ఎక్కువగా మా దిక్కు సంగతి, చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్ళ సంగతి. పట్నం నుంచి వికారాబాద్ రోడ్డు పట్టుకుని పోతే రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు వస్తాయి చూడండి, దాదాపు 900 చెట్లు, రోడ్డు వెడల్పు చేస్తామంటే కొట్టొద్దని జనం కోర్టుకు పోయిన చెట్లు, ఆ దారి. చిలుకూరు బాలాజీ గుడికి పోయినవాళ్ళంతా మొయినాబాద్ మండలంలో కాలు పెట్టినవాళ్ళే. ఒక పక్క గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, ఇంకో పక్క హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరదలో పట్నం మునిగిన తర్వాత కట్టిన చెరువులు ఇవి. ఈ చెరువుల నీళ్ళు పాడవకూడదని 1996లో జీవో 111 తెచ్చారు. 84 ఊళ్ళలో ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు వద్దన్నారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది, ఆ గొడవ వేరే ఎపిసోడ్‌కు సరిపోయేంత ఉంది. మనకు కావలసింది ఒకటే. పట్నానికి ఇంత దగ్గరగా ఉండి కూడా ఈ ఊళ్ళు చాలాకాలం కూరగాయలు, పూలు, పాల మీదే బతికాయి. పాల మీద బతికే ఇంట్లో బర్రె కడుపులో ఏముందన్నది సరదాకి అడిగే ప్రశ్న కాదు. వచ్చే మూడేళ్ళ సంపాదన సంగతి అది.

మొయినాబాద్ దగ్గర ఒక ఊళ్ళో, డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దమ్మను అడిగాను. ఆమె చేతుల మీద ఎన్ని పశువులు ఈనాయో ఆమెకే లెక్క లేదు.

"పెద్దమ్మా, ఈనకముందే కోడెనో పెయ్యనో ఎట్ల చెప్తరు?"

"గంత దానికేముంది బిడ్డా. కుడిదిక్కు కడుపు దిగితే కోడె. ఎడమదిక్కు దిగితే పెయ్య. పండి లేసేటప్పుడు ఏ కాలు ముందు పెడ్తదో సూడాలె. దినాలు దాటినా ఈనకపోతే కోడెనే."

"మరి తప్పుతదా?"

"తప్పితే తప్పుతది. ఈనినంక ఎవ్వరు యాదికి పెట్టుకుంటరు?"

ఈ చివరి మాట విని నేను చాలాసేపు నవ్వాను. గణిత శాస్త్రంలో పెద్ద పాఠం అది. కడుపులో ఉండేవి రెండే రకాలు. కళ్ళు మూసుకుని చెప్పినా పది సార్లలో ఐదు సార్లు నిజమవుతుంది. నిజమైనవి ఊరంతా చెప్పుకుంటారు, తప్పినవి పేడతో పాటు ఎత్తి పారేస్తారు. "తప్పితే పైసలు వాపస్" అని బోర్డు పెట్టి జోస్యం చెప్పేవాడు కూడా సగం మంది డబ్బులు నిక్షేపంగా జేబులో వేసుకోవచ్చు. యూట్యూబ్‌లో "ఈ ఒక్క గుర్తు చూస్తే చాలు" అనే వీడియోలు ఎట్లా నడుస్తున్నాయో ఇప్పుడు అర్థమైంది కదా.

అయితే పెద్దమ్మ చెప్పిన కుడి ఎడమల సంగతి దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఇదే మాట నేను రోమన్ల గురించి చదువుతూ చూశాను. క్రీస్తుపూర్వం 37 ప్రాంతంలో వారో అనే రోమన్ పండితుడు, అప్పటికే ఎనభై ఏళ్ళవాడు, వ్యవసాయం మీద పుస్తకం రాశాడు. అందులో ఆబోతు ఆవును దాటాక కుడివైపు దిగితే కోడె, ఎడమవైపు దిగితే పెయ్య అని ఉంటుంది. ఎందుకట్లా అంటే, అది అరిస్టాటిల్ చదివే మీలాంటివాళ్ళు చూసుకోండి అని ఒక పాత్ర చేతులు దులుపుకుంటుంది. ఆ తర్వాతి శతాబ్దంలో కొలుమెల్లా అనే ఇంకో రోమన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. కోడె కావాలంటే ఆబోతు ఎడమ వృషణాన్ని తాడుతో బిగించి కట్టాలట, పెయ్య కావాలంటే కుడిదాన్ని. ఆ ఆబోతు ఏమనుకుందో చరిత్రలో ఎక్కలేదు.

గ్రీకుల్లో హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న వైద్య సూత్రాల్లో కూడా మగ శిశువు కుడివైపు, ఆడ శిశువు ఎడమవైపు. మన సుశ్రుత సంహితకు రండి. గర్భవతికి కుడి రొమ్ములో ముందు పాలు కనిపిస్తే, కుడి కన్ను పెద్దగా కనిపిస్తే, నడిచేటప్పుడు కుడి కాలు ముందు వేస్తే కొడుకు అని అక్కడ. రోమ్, గ్రీస్, మన దేశం, మొయినాబాద్ పెద్దమ్మ, అందరిదీ ఒకే మాట. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని నేను అనుకోను. కుడి చెయ్యి గొప్పది, మగ పుట్టుక గొప్పది, కాబట్టి రెండూ ఒకే దిక్కు. మనిషి బుర్రలోని పెద్దరికం లెక్కను తీసుకుపోయి ఆవు కడుపుకు అంటించారు, అంతే.

తమాషా ఏంటంటే, వారో పుస్తకంలో ఎవరి పేరు చెప్పి తప్పించుకున్నారో ఆ అరిస్టాటిలే ఈ కుడి ఎడమల సిద్ధాంతాన్ని అంతకు మూడు వందల ఏళ్ళ ముందే కొట్టేశాడు. జంతువులను కోసి చూశాను, మగ పిల్ల, ఆడ పిల్ల గర్భసంచిలో ఒకే పక్కన కూడా ఉంటాయి అన్నది ఆయన వాదన. అయినా జనం ఎవరూ మారలేదు. చూసి చెప్పినవాడి మాట కంటే వినడానికి బాగుండే మాట ఎక్కువ దూరం పోతుంది. వాట్సాప్ రాకముందు కూడా ఇంతే.

మరి కడుపు కుడివైపు దిగడం నిజంగా కనిపిస్తుంది కదా అంటారా? కనిపిస్తుంది. ఎందుకంటే ఆవుకైనా బర్రెకైనా పొట్టలో ఎడమవైపు మొత్తం రూమెన్ అనే పెద్ద గది, అంటే మేసిన గడ్డి నానే సంచి, ఆక్రమించుకుని ఉంటుంది. పెరిగే పిల్లకు చోటు ఎక్కువగా కుడి పక్కనే దొరుకుతుంది. కోడె ఉన్నా కుడివైపే, పెయ్య ఉన్నా కుడివైపే. పెద్దమ్మ చెప్పిన మూడు గుర్తుల్లో కాస్త నిజం ఉన్నది చివరిదానికే, "దినాలు దాటితే కోడె" అన్నదానికి. ఆవు సుమారు 280 రోజులు మోస్తుంది, బర్రె 310 రోజుల దాకా. మగ దూడ సగటున ఒకటి రెండు రోజులు ఎక్కువ ఉంటుందని పశువైద్య లెక్కలు కూడా చెప్తాయి. కానీ సగటు అనేది వెయ్యి ఆవుల మీద చెప్పే మాట. మీ కొట్టంలో ఉన్న ఒక్క ఆవుకు జోస్యం చెప్పడానికి అది పనికిరాదు.

ఇంకొకటి కూడా చెప్పి ముందుకు పోదాం. మూడు వేల ఏళ్ళ క్రితం ఈజిప్టువాళ్ళు గర్భిణి మూత్రంతో గోధుమలు, బార్లీ గింజలు తడిపేవారు. ఏది ముందు మొలిస్తే దాన్నిబట్టి కొడుకా, కూతురా అని చెప్పేవారు. 1960లలో శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తే, గర్భం ఉందా లేదా అన్నది చాలావరకు తెలిసింది కానీ, కొడుకా కూతురా అన్నది తేలలేదు. ఈ పరీక్షనే 1993లో మన దేశంలో ఆవుల మీద చేసి చూశారు. నీళ్ళు కలిపిన ఆవు మూత్రంలో గోధుమలు నానబెడితే, చూడి ఆవు అయితే గింజలు సరిగ్గా మొలకెత్తవు. దానికి పుణ్యకోటి పరీక్ష అని పేరు పెట్టారు, కన్నడ జానపద కథలోని ఆవు పేరు అది. ఇక్కడ కూడా చూడి సంగతి తెలుస్తుంది, లోపలున్నది ఏంటో తెలియదు. మనవాళ్ళు ఊరికే అనలేదు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని.

సరే, గుర్తులన్నీ పక్కన పెట్టండి. నాకు ముఖ్యం అనిపించింది వేరే ప్రశ్న. పెద్దమ్మ చిన్నప్పుడు వాళ్ళింట్లో ఏది పుట్టాలని కోరుకునేవారు?

ఆవు ఈనితే కోడె పుట్టాలని. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పింది. ఇది మీకు వింతగా ఉంటుంది, పాలిచ్చే పశువు ఇంట్లో మగ దూడ ఎందుకని. కానీ అప్పట్లో ఆవును పాల కోసం కాదు, ఎద్దుల కోసం పెంచేవారు. పాలకు బర్రె ఉండేది. ఆవు పని ఎడ్లను కనడం.

ఎద్దు చేసే పని ఎంతో ఒకసారి చూడండి. నాగలి దున్నాలి. గొర్రుతో విత్తనం వెయ్యాలి. గుంటుక తోలి కలుపు తియ్యాలి. బండి లాగాలి. కళ్ళంలో తొక్కించాలి. వీటన్నిటికంటే కష్టమైంది మోట. మా దిక్కు పొలాలకు కాలవలు లేవు, బావులే. బావి మీద గిలక, గిలక మీద మోకు, మోకు చివర తోలు బొక్కెన. ఎడ్ల జత ఏటవాలుగా తవ్విన దారిలో కిందికి నడిస్తే బొక్కెన పైకి వచ్చి నీళ్ళు కాలవలో పడతాయి. మళ్ళీ వెనక్కి నడిపిస్తే బొక్కెన బావిలోకి దిగుతుంది. తెల్లవారుజాము నుంచి ఇదే. ఒక మడి తడవాలంటే ఎన్ని వందల సార్లు ఎక్కి దిగాలో. ఆ ఎడ్లు లేకపోతే వరి లేదు, కూరగాయ లేదు, చేతిలో పైస లేదు. బీదర్ వైపు నుంచి వచ్చిన దేవనీ జాతి పశువులకు మా దిక్కు అంత పేరు ఎందుకంటే, ఆవు పాలూ ఇస్తుంది, దాని కోడె పనికీ గట్టిగా ఉంటుంది. షాబాద్ దిక్కు సర్దార్‌నగర్ సంతలో మంచి జత కొనాలంటే చిన్న రైతుకు అప్పు చెయ్యక తప్పేది కాదు. అట్లాంటిది ఇంట్లోనే కోడె పుడితే? సగం అప్పు తీరినట్టే.

తెలంగాణ వాళ్ళకు ఇంకో ఉదాహరణ చెప్తా, వెంటనే అర్థమవుతుంది. వేములవాడ రాజన్న. అక్కడి కోడె మొక్కు. పిల్లలు కలగాలని, కష్టం తీరాలని మొక్కుకున్నవాళ్ళు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. దేవుడికి ఇచ్చేది ఇంట్లో ఉన్న అన్నింటికన్నా విలువైనది అయి ఉండాలి కదా. పెయ్యను కాదు, కోడెను ఇచ్చారు. ఒకప్పటి ధరల పట్టిక అది. ఈమధ్య ఏమైందో మీరు వార్తల్లో చూసే ఉంటారు. గుడి గోశాలలో కోడెలు నిండిపోయి, రైతులకు ఉచితంగా పంచిపెట్టే దాకా వచ్చింది. మొక్కు మారలేదు. విలువ మారింది.

బర్రె సంగతి మాత్రం మొదటి నుంచీ వేరు. దున్నపోతుతో మా దిక్కు పెద్దగా పని లేదు. బురద పొలంలో కొంత, జాతరలో బలికి కొంత. బర్రె ఈనితే పెయ్యనే పుట్టాలి అన్న కోరిక తాతల నాటిదే. అంటే ఒకే ఇంట్లో, ఒకే కొట్టంలో, ఒక గుంజ దగ్గర మగదాన్ని, పక్క గుంజ దగ్గర ఆడదాన్ని కోరుకున్నారు. ప్రేమ కాదు, ద్వేషం కాదు, పని.

తర్వాత ఏమైందో మీకు తెలిసిన కథే. బావి మీదికి కరెంటు మోటారు వచ్చింది, మోట పోయింది. ట్రాక్టర్ వచ్చింది, నాగలి పోయింది. ఆటో, డీసీఎం వచ్చాయి, బండి పోయింది. అటు పాల వైపు చూస్తే, 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. పాలు డబ్బు పంట అయ్యాయి.

ఇక్కడ సూది గురించి కొంచెం చెప్పాలి. సూది అంటే ఊళ్ళో కృత్రిమ గర్భధారణ. మన దేశంలో మొదటిసారి 1939లో మైసూర్ ప్యాలెస్ డెయిరీ ఫామ్‌లో సంపత్ కుమారన్ అనే ఆయన చేశారు. 1943లో అలహాబాద్‌లో ఈ పద్ధతిలో మొదటి బర్రె దూడ పుట్టింది. అప్పట్లో తీసిన వీర్యం కొన్ని రోజుల్లోపే వాడెయ్యాలి. 1949లో ఇంగ్లండ్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు, గ్లిసరాల్ కలిపితే వీర్య కణాలు గడ్డకట్టించినా బతుకుతాయని కనిపెట్టారు. ఇక అక్కడి నుంచి ఆబోతు ఎక్కడో, ఆవు ఎక్కడో. ఆబోతు చచ్చిపోయి ఇరవై ఏళ్ళయినా దూడలు పుడుతూనే ఉంటాయి. మన దగ్గర పశువుల దవాఖానాల్లో మొదలై, 2000 ప్రాంతం నుంచి గోపాలమిత్రలు బండి మీద లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ పెట్టుకుని ఇంటి ముందుకే వచ్చి వేయడం మొదలైంది. క్యాన్ లోపల మైనస్ 196 డిగ్రీలు. ఒక్కో ప్లాస్టిక్ స్ట్రాలో పావు మిల్లీలీటరు.

ఆ స్ట్రాలతో జెర్సీ వచ్చింది, హోల్‌స్టీన్ వచ్చింది. ఆవు పాలు పెరిగాయి. కానీ సంకరజాతి కోడెకు మూపురం సరిగ్గా ఉండదు, కాడి నిలవదు, మన ఎండకు తట్టుకోలేదు. పనికిరాని కోడె సగం కాన్పుల్లో పుడుతూనే ఉంటుంది, ప్రకృతి మానదు కదా. దానికి తాగించే పాలు అమ్మితే డబ్బు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. 1977 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం ప్రకారం ఆవునూ, లేగదూడనూ వధించకూడదు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అని కామెంట్లలో కొట్టుకోకండి, నేను చెప్పేది రైతు పరిస్థితి. సాకలేడు, అమ్మలేడు. అందుకే కొన్నిచోట్ల తల్లి చేపు వచ్చేదాకా దూడను పొదుగుకు వదిలి లాగేస్తారు, తర్వాత దానికి కడుపు నిండదు. కొన్ని నెలల్లో పోతుంది. కొన్నిటిని రాత్రిపూట రోడ్డు మీద వదిలేస్తారు. ఎవరూ కత్తి పట్టలేదు, ఎవరి మీదా కేసు లేదు. మొదట్లో చెప్పిన లెక్కలో మాయమైన కోట్ల పశువుల్లో కొన్ని ఇట్లా పుట్టినా పెరగనివి. వ్యవసాయంలో యంత్రాలు పెరిగాయి అని రిపోర్టుల్లో ఒక్క ముక్కలో రాస్తారు. మాట నిజమే, కానీ ఆ ముక్క వెనుక ఆకలి ఉంది.

ఇప్పుడు జోస్యం పాతదైపోయింది. ఈనకముందు చెప్పడం కాదు, కట్టకముందే ఎంచుకోవడం వచ్చింది. అది ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే మహిళా శాస్త్రవేత్త పిండి పురుగుల మీద పనిచేస్తూ, పుట్టేది ఆడా మగా అన్నది తండ్రి కణంలోని ఒక చిన్న క్రోమోజోమ్ నిర్ణయిస్తుందని చూపించారు. అదే ఏడాది ఎడ్మండ్ విల్సన్ కూడా విడిగా అదే దారిలోకి వచ్చారు. అంటే తల్లి దగ్గర ఎక్స్ మాత్రమే ఉంటుంది. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడ, వై వస్తే మగ. ఆవుకైనా మనిషికైనా ఇంతే. ఆడపిల్లలనే కంటోందని కోడలిని తిట్టే అత్తగార్లకు ఈ సంగతి చేరి నూట ఇరవై ఏళ్ళు కావాలి. చేరలేదు.

ఆబోతు కణాల్లో ఎక్స్ ఉన్నదానికి, వై ఉన్నదానికి డీఎన్‌ఏలో దాదాపు 4 శాతం తేడా. అంతే. అమెరికా వ్యవసాయ శాఖకు బెల్ట్స్‌విల్‌లో ఉన్న పరిశోధన కేంద్రంలో లారెన్స్ జాన్సన్ బృందం ఈ తేడానే పట్టుకుంది. కణాలకు మెరిసే రంగు పట్టించి లేజర్ ముందు ఒక్కొక్కటిగా పంపిస్తే, ఎక్స్ ఉన్నది కాస్త ఎక్కువ మెరుస్తుంది. దాన్నిబట్టి ఒకటి ఇటు, ఒకటి అటు. 1989లో ముందు కుందేళ్ళ మీద ఫలితం చూపించారు. తర్వాత ఆవులకు వచ్చింది. ఇప్పుడు ఈ స్ట్రాతో పది కాన్పుల్లో తొమ్మిది పెయ్యలే. మన దగ్గర రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ఇది ఊళ్ళకు వచ్చింది. విదేశీ యంత్రాల మీద ఆధారపడకుండా దేశంలోనే తయారుచేసిన పద్ధతిని 2024 అక్టోబర్ 5న మహారాష్ట్రలోని వాశిమ్‌లో ప్రధాని ప్రారంభించారు.

చేవెళ్ల దగ్గర సూదులు వేసే ఒకాయనను "అన్నా, ఎట్లుంది డిమాండ్?" అని అడిగితే, "ఫోన్ ఎత్తంగనే మొదటి మాట అదే తమ్మీ, పెయ్య సూది ఉన్నదా అని" అన్నాడు. కానీ ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు, అది సరైన మాట. మామూలు స్ట్రాలో సుమారు రెండు కోట్ల కణాలు ఉంటే, ఇందులో ఇరవై లక్షల ప్రాంతంలోనే ఉంటాయి. పైగా వేరుచేసేటప్పుడు కొంత దెబ్బ తింటాయి. అందుకని చూడి కట్టే అవకాశం మామూలుదానికంటే తక్కువ. ఆరోగ్యంగా ఉన్న పడుచు పెయ్యకు, సరైన ఎద సమయం చూసి వేస్తేనే ఫలితం. సరిగ్గా మేత లేని పశువుకు ఖరీదైన స్ట్రా వేసి కట్టలేదని బాధపడితే లాభం లేదు.

స్కానింగ్ లేదా అని కూడా అడుగుతారు. ఉంది. రెండు నెలలు దాటగానే పశువైద్యులు అల్ట్రాసౌండ్‌లో పిండం మీద ఒక చిన్న మొటిమ లాంటి భాగం ఎటు జరిగిందో చూస్తారు. బొడ్డుతాడు వైపు పోతే మగ, తోక వైపు పోతే ఆడ. అనుభవం ఉన్న చెయ్యి అయితే దాదాపు తప్పదు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల మాకు ఎంతో దూరం లేదు, అయినా ఇందుకోసం పశువును తోలుకుపోయే రైతును నేను చూడలేదు. తెలిసి ఏం చెయ్యాలి? కడుపులో కోడె ఉందని తెలిసినా మొయ్యాల్సిందే కదా.

ఒక్కసారి ఇంటి వైపు, కొట్టం వైపు కలిపి చూడండి. ఇంట్లో కోడలి కడుపులో ఏముందో చెప్పడం నేరం. 1994లో చట్టం వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, చెప్పిన డాక్టర్‌కు మూడేళ్ళ దాకా జైలు. కొట్టంలో అదే యంత్రంతో అదే ప్రశ్న అడిగితే ఏ తప్పూ లేదు, పైగా ఆడదాన్ని ఎంచుకోవడానికి ప్రభుత్వమే సాయం చేస్తుంది. ఇంట్లో మగ కావాలి, కొట్టంలో ఆడ కావాలి. రెండు చోట్లా అడిగేది ఒకటే: పెరిగాక మనకు ఏం తెచ్చిపెడుతుంది? ఆ లెక్కలో తేలిపోయినదానికి కడుపులోనో, పుట్టిన నెలలోనో నూకలు చెల్లుతాయి. దూడ విషయంలో ఆ చావు ఆకలితో వస్తోంది కాబట్టి, అసలు పుట్టకుండానే ఆపే స్ట్రా నాకు మేలనిపిస్తుంది. ఆకలితో కొన్ని నెలలు బతికించడం కంటే అది తక్కువ క్రూరం. ఈ మాటతో కొందరికి కోపం వస్తుందని తెలుసు.

కాకపోతే ఇందులో ఇంకో మెలిక ఉంది. పత్తి చేన్లో మొక్కలు మోకాలెత్తు వచ్చాక సాళ్ళ మధ్య గుంటుక తోలాలి. ఆ సందుల్లో పెద్ద ట్రాక్టర్ పట్టదు. టమాట, వంకాయ తోటల్లో కూడా అంతే. ఎడ్ల జత కావాలి. మా దిక్కు ఊరికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత జతలు మిగిలాయి. వానలు పడగానే అందరికీ ఒకేసారి కావాలి. జత ఉన్నవాడి ఇంటి ముందు తెల్లవారకముందే మనుషులు నిలబడుతున్నారు, రోజు కిరాయి ఎంతంటే అంత. అవి ముసలివైపోతున్నాయి. వాటి తర్వాత కాడి కట్టే కోడె ఏ కొట్టంలో పెరుగుతోందని అడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు.

మీరు ఒక పని చేయండి. ఈ ఆదివారం ఊరికి పోయినప్పుడు, మీ ఊళ్ళో ఎన్ని ఎడ్ల జతలు ఉన్నాయో లెక్కపెట్టండి. మీ నానమ్మనో అమ్మమ్మనో దూడ గుర్తులు ఏంటని అడిగి ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఊరి పేరుతో సహా కామెంట్లలో పెట్టండి. వాటన్నిటినీ కలిపి ఇంకో ఎపిసోడ్ చేద్దాం. వచ్చే వారం మాత్రం గండిపేట చెరువు కింద మునిగిన ఊళ్ళ కథ. ఉంటాను మరి, నమస్తే.